క్లోమం లేని మనిషికి టైప్ 2 షుగరా?

చెన్నై పెరుంగుడిలో మెడికల్ కోడర్లు (అమెరికా డాక్టర్లు చార్టుల్లో రాసిన జబ్బులను బిల్లుల కోసం కోడ్ నంబర్లుగా మార్చేవాళ్లు) షిఫ్టు దిగే వేళ ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా చెవిన పడేది సగం తెలుగే. నెల్లూరు యాస, చిత్తూరు యాస, మధ్యమధ్య హెచ్‌సీసీలు (చెల్లింపు లెక్క కోసం జబ్బులను కట్టిన గుంపులు), డీఓఎస్‌లు (పేషెంటును చూసిన తేదీలు). ఈ పోస్టుకు మూలం అలా చెవిన పడిన ఒక గొడవ. కొత్తగా చేరినట్టున్న అమ్మాయి ఆడిట్ చేసే పెద్దాయనతో వాదిస్తోంది.

"పాంక్రియాసే లేదు కదన్నా ఆ పేషెంటుకి. టోటల్ పాంక్రియాటెక్టమీ అని సర్జికల్ హిస్టరీలో ఉంది. ఈ11 ఎట్లా వేస్తాం?"

"డాక్టర్ టైప్ 2 అని రాసినాడు తల్లీ. నువ్వేమన్నా డాక్టరువా?"

పాంక్రియాస్ అంటే క్లోమం, టోటల్ పాంక్రియాటెక్టమీ అంటే దాన్ని మొత్తం తీసేసే ఆపరేషన్, ఈ11 అంటే టైప్ 2 డయాబెటిస్ కోడ్.

(చార్టు సంగతులు రోడ్డు మీద మాట్లాడొచ్చా అన్నది వేరే పోస్టు. పేషెంటు పేరు, ఊరు ఏవీ రాలేదు కాబట్టి సరే.)

ఆ అమ్మాయి ఈ89.1 (ఆపరేషన్ వల్ల ఇన్సులిన్ కరువు), ఈ13.9 (ఇతర రకం డయాబెటిస్), జెడ్90.410 (పాంక్రియాస్ మొత్తం లేకపోవడం), జెడ్79.4 (దీర్ఘకాలం ఇన్సులిన్ వాడకం) వేసింది. ఆడిటర్ మొదటి రెండూ కొట్టేసి ఈ11.9 పెట్టాడు. అక్కడిదాకా ఆయన పక్షాన రూలుంది. కానీ జెడ్90.410 కూడా తీసేశాడట. "స్టేటస్ కోడ్, దాని వల్ల వచ్చేదేముంది?" అన్నాడు (స్టేటస్ కోడ్ అంటే జబ్బును కాక, పేషెంటు ఉన్న స్థితిని చెప్పేది). నాకు అభ్యంతరం ఆ మాట మీదే. పాంక్రియాస్ తీసేసిన పేషెంటు చార్టులో పైసా తేని ఆ జెడ్ కోడే అన్నిటికంటే ముందు తేల్చాల్సినది అని నా అభిప్రాయం. మిగతా కోడ్‌లన్నీ దాని వెనక నడవాలి. మనం తలకిందులుగా చేస్తున్నాం. అసెస్‌మెంట్‌లో "డీఎం" (డయాబెటిస్) కనపడగానే 'ఈ' అక్షరంతో మొదలయ్యే కోడ్ వెతుకుతాం, ఆపరేషన్ సంగతి ఆఖరున, ఓపికుంటే చూస్తాం.

మూడు కోడ్‌లు ఎందుకు

థైరాయిడ్ తీసేస్తే వచ్చే హైపోథైరాయిడిజమ్‌కు ఈ89.0 ఒక్కటి చాలు. ఎవరూ గొడవపడరు. పాంక్రియాస్ దగ్గరికొచ్చేసరికి ఐసీడీ-10-సీఎం (అమెరికాలో వాడే జబ్బుల కోడ్‌ల పుస్తకం) గైడ్‌లైన్ మూడు అడుగుతుంది. ఆపరేషన్ వల్ల ఇన్సులిన్ కరువైందని చెప్పే ఈ89.1 ముందు. ఆ కరువు వల్ల వచ్చిన డయాబెటిస్‌కు ఈ13 కేటగిరీలోంచి ఒకటి. గ్రంథి ఎంత పోయిందో చెప్పే జెడ్90.41 లోంచి ఒకటి. ఇన్సులిన్ శాశ్వతమైతే జెడ్79.4 నాలుగోది.

ఇన్నెందుకని విసుక్కునేవాళ్లకు నా జవాబు ఇది. ఒక్కో కోడ్ ఒక్కో ప్రశ్నకు సమాధానం. ఎందుకొచ్చిందో ఈ89.1 చెబుతుంది. కిడ్నీ దాకా పోయిందా, నరాలదాకా పోయిందా, షుగర్ ఎక్కువైందా తక్కువైందా అన్నది ఈ13 లో నాలుగో అక్షరం నుంచి తెలుస్తుంది. ఈ89.1 కి ఆ చోటు లేదు. ఇక మొత్తం పోయిందా, ముక్క పోయిందా అన్నది ఆ రెండిట్లో దేనికీ తెలియదు.

తప్పు ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పాలి. ఇండెక్స్‌లో డయాబెటిస్ కింద పోస్ట్‌పాంక్రియాటెక్టమీ చూస్తే అది స్పెసిఫైడ్ టైప్‌కు, అంటే ఈ13 కు పంపిస్తుంది. అక్కడ ఆగిపోతే ఈ89.1 ఉందన్న సంగతే తెలియదు. ట్యాబులర్‌లో (కోడ్‌ల వరుస జాబితాలో) ఈ89.1 కింద "అదనంగా జెడ్90.41, ఈ13, జెడ్79.4 వేయండి" అన్న నోట్ ఉంది. జెడ్90.41 కింద కూడా ఈ13, జెడ్79.4 గురించి నోట్ ఉంది. అంటే దారి ఒకవైపే. ఆపరేషన్ వైపు నుంచి బయల్దేరితే డయాబెటిస్ తగులుతుంది, డయాబెటిస్ నుంచి బయల్దేరితే ఆపరేషన్ తగలకపోవచ్చు. జెడ్90 తో మొదలుపెట్టమని నేననడానికి ఇది కూడా ఒక కారణం.

మన హాస్పిటళ్ల ఎంఆర్‌డీలో (మెడికల్ రికార్డుల విభాగంలో) పనిచేసి అమెరికా ప్రాజెక్టులకు వచ్చినవాళ్లకు ఇంకో చిక్కు. మన హాస్పిటళ్లలో వాడేది డబ్ల్యూహెచ్‌ఓ ఐసీడీ-10. అందులో ఈ13 కింద ఈ89.1 ను మినహాయించారు. అంటే ఆపరేషన్ వల్ల వచ్చిన ఇన్సులిన్ కరువుకు ఈ89.1 వేసి ఆగాలి, ఈ13 జోడించకూడదు. అమెరికా పుస్తకంలో రెండూ కలిపి వేయమని రూలు. నంబరు అదే, పేరు దాదాపు అదే, నడత మాత్రం ఎదురు. పాత అలవాటుతో ఈ89.1 ఒక్కటే వేసి వదిలేసిన చార్టు చూసి "గైడ్‌లైన్ చదవలేదా" అని విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

మొత్తమా, ముక్కా?

జెడ్90.410 అంటే పాంక్రియాస్ మొత్తం లేదు. జెడ్90.411 అంటే కొంత లేదు. చూడ్డానికి ఇంతే. కానీ జెడ్90.410 కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది, ఎంతన్నది చెప్పకపోతే కూడా ఇదే కోడ్ అని. కాబట్టి డాక్టర్ "ఎస్/పీ పాంక్రియాటెక్టమీ" (పాంక్రియాటెక్టమీ అయినవాడు) అని మాత్రమే రాస్తే కోడ్ రీత్యా అది మొత్తం పోయినట్టే. తోక భాగం నాలుగంగుళాలు తీయించుకుని, ఏ మందూ లేకుండా తిరుగుతున్న మనిషి కూడా రికార్డులో క్లోమం లేనివాడైపోతాడు. ఇది కోడర్ తప్పు కాదు, పుస్తకమే అలా ఉంది. అందుకే ఆ ఒక్క మాట చూసి కోడ్ వేసేయకుండా ఆపరేషన్ నోట్‌కో, పాథాలజీ రిపోర్టుకో, కనీసం పాత కన్సల్ట్ నోట్‌కో వెళ్లాలి.

ఆపరేషన్ పేర్లు తెలిస్తే సగం పని అయిపోతుంది. విపుల్ (Whipple) ఆపరేషన్ అంటే పాంక్రియాస్ తలభాగం, డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం), పిత్తవాహిక కిందిభాగం, గాల్‌బ్లాడర్ పోతాయి. పాంక్రియాస్ మధ్యభాగం, తోక మిగులుతాయి. కాబట్టి విపుల్ అని ఉంటే జెడ్90.411. డుయోడినమ్, గాల్‌బ్లాడర్ సంగతికి జెడ్90.49. పాత పద్ధతి విపుల్‌లో కడుపు చివరి భాగం కూడా తీస్తారు, అప్పుడు జెడ్90.3 కలుస్తుంది. పైలోరస్ (కడుపు చివరి ద్వారం) ఉంచిన విపుల్ అయితే అది కలవదు. డిస్టల్ పాంక్రియాటెక్టమీ అంటే తోకవైపు, జెడ్90.411. తరచుగా ప్లీహం కూడా దానితోపాటే పోతుంది, జెడ్90.81 మరిచిపోకూడదు. ప్లీహం లేని మనిషికి జ్వరం వస్తే డాక్టర్ ఆలోచన మారిపోతుంది. అది కూడా డబ్బు తేని కోడే కదా అనకండి.

కంప్లీషన్ పాంక్రియాటెక్టమీ దగ్గర చాలామంది బోల్తాపడతారు. మొదట విపుల్ జరిగి, తర్వాత లీకుతోనో, మిగిలిన భాగంలో మళ్లీ జబ్బొచ్చో మిగతాది కూడా తీసేస్తారు. సర్జికల్ హిస్టరీలో రెండు లైన్లుంటాయి. పై లైను విపుల్ చూసి 411 వేసి కిందికి చూడకపోతే, ఒంట్లో చుక్క ఇన్సులిన్ లేని మనిషిని కొంత ఉన్నవాడిగా రాసినట్టే.

దీనికి తిరగేసిన పొరపాటు క్రానిక్ పాంక్రియాటైటిస్ (క్లోమానికి దీర్ఘకాలపు వాపు) పేషెంట్లలో. తమిళనాడు, కేరళల్లో రాళ్లు కట్టిన క్లోమం ఉన్న కేసులు తక్కువేం కాదు కాబట్టి మనవాళ్లు వినే ఉంటారు, పుస్టో, ఫ్రే అని ఆపరేషన్ల పేర్లు. పుస్టోలో నాళాన్ని పొడుగునా చీల్చి పేగుకు కుడతారు. అది డ్రైనేజీ, తొలగింపు కాదు. దానికి జెడ్90.41 రాదు. ఫ్రేలో ఆ కుట్టుతోపాటు తలభాగాన్ని తొలుస్తారు, కండ పోతుంది. అక్కడ 411 కు ఆధారం ఉంది, కానీ ఎంత తీశారో నోట్ చదవకుండా పేరు చూసి వేయడం నాకు నచ్చదు.

ఇంకొకటి, నవ్వొచ్చేది. ఇండెక్స్‌లో "ఆబ్సెన్స్, పాంక్రియాస్" దగ్గర మొదట కనిపించేది పుట్టుకతో లేకపోవడం, క్యూ45.0. కింద "అక్వయిర్డ్" దాకా వెళ్లకుండా అది పట్టుకుని 60 ఏళ్ల మనిషికి పుట్టుకతోనే క్లోమం లేదని వేసేవాళ్లున్నారు.

"డాక్టర్ రాసిందే వేదం"

ఇప్పుడు ఆడిటర్ వాదనకు వద్దాం. దాన్ని తీసిపారేయలేం. డాక్టర్ ఏ జబ్బు ఉందంటే దానికి కోడ్ వేయాలి, కోడర్ సొంతంగా జబ్బు నిర్ణయించకూడదు అని గైడ్‌లైన్ స్పష్టంగా ఉంది. అసెస్‌మెంట్‌లో "టైప్ 2 డయాబెటిస్, ఇన్సులిన్ మీద" అని ఉంటే దాన్ని ఈ13 గా మార్చే హక్కు కోడర్‌కు లేదు. ఆ అమ్మాయి చేసిన తప్పు అదే. శరీరశాస్త్రం ఆమెవైపు ఉంది, రూలు లేదు.

డాక్టర్ పూర్తిగా తప్పని కూడా అనలేం. ఆపరేషన్‌కు పదేళ్ల ముందే టైప్ 2 ఉన్న మనిషికి ట్యూమర్ వచ్చి విపుల్ చేస్తే, మిగిలిన ముక్క కొంత ఇన్సులిన్ ఇస్తూనే ఉండొచ్చు. అతనికి ఈ11, జెడ్90.411 కలిపి వేయడంలో నాకు తప్పు కనపడదు. మొత్తం తీసేసినప్పుడు మాత్రం లెక్క వేరు. బీటా కణాలు లేవు, ఆల్ఫా కణాలూ లేవు. ఇన్సులిన్ రాదు, షుగర్ పడిపోయినప్పుడు పైకి లాగే గ్లుకగాన్ కూడా రాదు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ కుక్కకు క్లోమం తీసేసి డయాబెటిస్ తెప్పించిన నాటి నుంచీ ఇందులో రహస్యమేం లేదు. పాతది ఏ టైపైనా ఇప్పుడున్నది ఆపరేషన్ తెచ్చిన డయాబెటిసే అని వైద్యుడు అనొచ్చు. కానీ అనాలి. పైగా ఈ11 కింద పోస్ట్‌పాంక్రియాటెక్టమీ డయాబెటిస్ (ఈ13) ఎక్స్‌క్లూడ్స్ 1 గా ఉంది, అంటే రెండూ కలిపి వేయకూడదని. "ఎందుకైనా మంచిది, రెండూ వేద్దాం" కుదరదు.

కొందరు డాక్టర్లు "టైప్ 1" (ఈ10) అని రాస్తారు, ఇన్సులిన్ లేకుండా బతకడు కాబట్టి. ఈ10 కింద కూడా పోస్ట్‌పాంక్రియాటెక్టమీ డయాబెటిస్ మినహాయింపు ఉంది. ఇన్సులిన్ వాడకం టైపును నిర్ణయించదు. ఇక "టైప్ 3సీ" (క్లోమం దెబ్బతిని వచ్చే డయాబెటిస్) అని రాసేవాళ్లు కారణం కూడా రాస్తే పుణ్యం. పాంక్రియాటైటిస్ వల్ల అయితే కె86 (పాంక్రియాస్ జబ్బులు) లోంచి కోడ్ ముందు పెట్టి ఈ08 (ఇంకో జబ్బు వల్ల వచ్చిన డయాబెటిస్). ఆపరేషన్ వల్ల అయితే ఈ13. ఈ రెండూ కూడా ఎక్స్‌క్లూడ్స్ 1 జంటే.

అసలు ముడి ఎక్కడంటే, డాక్టర్ ఏ టైపూ రాయకుండా "డయాబెటిస్" అని వదిలేసినప్పుడు. టైపు లేకపోతే ఈ11 అని గైడ్‌లైన్. అక్షరం పట్టుకుని పోతే క్లోమం మొత్తం తీసేసిన మనిషికి రూలు ప్రకారమే టైప్ 2 పడుతుంది. సర్జికల్ హిస్టరీలో టోటల్ పాంక్రియాటెక్టమీ, అసెస్‌మెంట్‌లో ఉత్త "డయాబెటిస్" ఉన్న చార్టును డిఫాల్ట్‌కు వదలకూడదు, క్వెరీ వేయాలి, అంటే డాక్టర్‌ను రాతపూర్వకంగా అడగాలి. ఆ డిఫాల్ట్ రూలు సమాచారం లేనప్పటి కోసం. ఇక్కడ సమాచారం ఉంది, దాన్ని డయాబెటిస్‌తో ముడి వేసే డాక్టరే తక్కువ.

క్వెరీ వేసే వీలు లేని ప్రాజెక్టులుంటాయి, నాకు తెలుసు. రిట్రోస్పెక్టివ్ రిస్క్ అడ్జస్ట్‌మెంట్‌లో (పాత చార్టులు తిరగేసి, జబ్బుల బరువును బట్టి ఇన్సూరెన్స్ చెల్లింపు లెక్కకట్టే పనిలో) ఏడాది కిందటి నోట్ మీద డాక్టర్‌ను ఎవరు అడుగుతారు? అప్పుడు ఆడిటర్ చెప్పినట్టే ఈ11.9 వేయండి. కానీ జెడ్90.410 పక్కన పెట్టండి. ఒకే క్లెయిమ్‌లో టైప్ 2, మొత్తం క్లోమం లేకపోవడం రెండూ కనిపిస్తే ఎక్కడో ఏదో పొసగలేదని ఆ క్లెయిమే చెబుతుంది. ఈ రెంటి మధ్య ఎక్స్‌క్లూడ్స్ ఏమీ లేదు. స్టేటస్ కోడ్ కాబట్టి హిస్టరీ నుంచి తీసుకోవచ్చు. ఆడిటర్ దాన్ని కొట్టేసినప్పుడు పోయింది ఆ సాక్ష్యం.

ఎందుకు కొట్టేస్తారంటే, లెక్క అలా ఉంది. ఆ చెల్లింపు లెక్కకు వాడే వీ28 మోడల్‌లో ఈ11.9 అయినా ఈ13.9 అయినా హెచ్‌సీసీ 38 లోనే పడతాయి, బరువు ఒకటే. అంతకుముందరి వీ24 లో జెడ్79.4 కైనా విలువ ఉండేది, వీ28 లో దాన్నీ తీసేశారు. జెడ్90.41 కు ముందునుంచీ లేదు. తప్పు వేసినా ఒప్పు వేసినా డబ్బు మారనప్పుడు ఆ లైను మీద నిమిషం ఖర్చుపెట్టమని ఏ టీమ్ లీడ్ చెబుతాడు? కోడర్‌ను నిందించడం తేలిక. గంటకు ఇన్ని చార్టులు అని టార్గెట్ పెట్టినవాళ్లను వదిలేస్తాం.

సర్జన్ గొణుగుడు

ఈ89.1 మీద ఇంకో వైపు నుంచి అభ్యంతరం వస్తుంది. "పాంక్రియాస్ తీస్తే ఇన్సులిన్ పోతుంది, అది ముందే తెలుసు, పేషెంటుకు చెప్పే చేశాం. దాన్ని కాంప్లికేషన్ ఖాతాలో నా పేరున రాస్తారా?" ఇందులో న్యాయం ఉంది. ఆపరేషన్ తర్వాత వచ్చే ప్రతిదీ కాంప్లికేషన్ కాదని గైడ్‌లైనే అంటుంది. అయితే ఈ89 శీర్షికలో కాంప్లికేషన్లతోపాటు డిజార్డర్లు కూడా ఉన్నాయి. ఈ కేసుకు గైడ్‌లైన్ పేరుపెట్టి ఈ89.1 వేయమంది. కాబట్టి వేయాలి. సర్జన్ గొణుక్కోనీండి.

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో మాత్రం తొందర వద్దు. విపుల్ తర్వాత ఐసీయూలో ఒత్తిడికో, స్టెరాయిడ్‌కో, సెలైన్‌లో ఇచ్చే పోషకాలకో షుగర్ 250 దాటి, నాలుగు రోజులు ఇన్సులిన్ డ్రిప్ నడిచి, ఇంటికెళ్లేటప్పుడు ఏమీ లేకపోతే అది తాత్కాలికం. డాక్టర్ అలా రాస్తే ఆర్73.9 (షుగర్ ఎక్కువగా ఉందని మాత్రమే చెప్పే కోడ్). ఈ89.1 కింద దీన్ని ప్రత్యేకంగా మినహాయించారు. తాత్కాలికంగా ఇచ్చిన ఇన్సులిన్‌కు జెడ్79.4 కూడా రాదు.

షుగర్ పక్కన ఉండేవి

మొత్తం తీసినవాళ్లలో షుగర్ ఊయల ఊగుతుంది. ఒకే అడ్మిషన్‌లో పొద్దున 48, రాత్రి 380 ఉంటే, డాక్టర్ రెండూ రాస్తే, ఈ13.649, ఈ13.65 రెండూ వేయొచ్చు. 2024 అక్టోబరు 1 నుంచి హైపోగ్లైసీమియా స్థాయికి ఈ16.ఎ1, ఈ16.ఎ2, ఈ16.ఎ3 వచ్చాయి, డాక్టర్ స్థాయి రాస్తే అదనంగా వేయాలి. గ్లుకగాన్ లేని ఈ పేషెంట్లలో ఇది ఉత్త అలంకారం కాదు. "అన్‌కంట్రోల్డ్" అని మాత్రమే ఉంటే ఎక్కువా తక్కువా అడగాలి.

అరుగుదల సంగతి. ఎంజైమ్ క్యాప్సూల్ మందుల లిస్టులో ఉంది కదా అని కె86.81 వేయకూడదు, ఎక్సోక్రైన్ ఇన్‌సఫిషియెన్సీ (అరుగుదల రసాలు చాలకపోవడం) అని డాక్టర్ రాయాలి. గ్రంథే లేని మనిషికి "పాంక్రియాస్ జబ్బులు" అనే కె86 కింద కోడ్ వేయడం కాస్త వింతగానే ఉంటుంది. అయినా పుస్తకంలో ఆ జబ్బుకు పేరున్న చోటు అదే.

క్యాన్సర్ దగ్గర ఒక్క మాట. విపుల్ జరిగిందంటే పాంక్రియాస్ క్యాన్సరే అనుకోవద్దు. ఆంపుల్లా (పిత్తవాహిక పేగులో కలిసే చోటు) ట్యూమర్‌కు (సి24.1) కూడా అదే ఆపరేషన్. గడ్డ తీసేసినా కీమో నడుస్తున్నంత కాలం యాక్టివ్ క్యాన్సర్ కోడే. చికిత్స ముగిసి, జబ్బు ఆనవాలు లేనప్పుడే జెడ్85.07 (గతంలో పాంక్రియాస్ క్యాన్సర్), అది కూడా మూలం పాంక్రియాస్ అయితేనే.

క్వెరీ ఎలా ఉండాలి

"పేషెంటుకు పాంక్రియాస్ లేదు కాబట్టి ఇది ఈ13 కదా?" అని అడగడం డాక్టర్ చేత మనకు కావాల్సింది చెప్పించడం. చార్టులో ఉన్నది ముందు పెట్టాలి, తేల్చే పని ఆయనకు వదలాలి. నేనైతే ఇలా రాస్తాను: "ఆపరేషన్ నోట్ ప్రకారం టోటల్ పాంక్రియాటెక్టమీ జరిగింది. ఆపరేషన్‌కు ముందు నోట్‌లలో డయాబెటిస్ ప్రస్తావన లేదు. ప్రస్తుతం గ్లార్జిన్, భోజనానికి ముందు లిస్‌ప్రో ఇన్సులిన్‌లు నడుస్తున్నాయి. ఈ రోజు అసెస్‌మెంట్‌లో 'టీ2డీఎం' అని ఉంది. డయాబెటిస్ రకం, కారణం దయచేసి స్పష్టం చేయండి." కింద ఎంపికలు: టైప్ 2, పాంక్రియాస్ తొలగింపు వల్ల వచ్చినది, ఇతర కారణం, నిర్ధారించలేను. కోడ్ నంబరు ఎక్కడా ఉండకూడదు, డబ్బు మాట అసలే ఉండకూడదు.

డాక్టర్ రెండోది ఎంచుకుని అడెండమ్ (నోట్‌కు చేర్పు) రాశాడనుకుందాం. ఆ రోజు చార్టుకు ఈ89.1, ఈ13, జెడ్90.410, జెడ్79.4 అన్నీ సరిగ్గా పడతాయి. ప్రాబ్లమ్ లిస్ట్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోరు. మూడు నెలల తర్వాత విజిట్‌లో పాత నోట్‌ను కాపీ చేసి తేదీ మారుస్తారు, అందులో మళ్లీ "టీ2డీఎం, ఆన్ ఇన్సులిన్". ఆ డీఓఎస్ ఇంకో కోడర్ చేతికి వెళుతుంది, అడెండమ్ అందులో ఉండదు. సర్జికల్ హిస్టరీ మాత్రం నాలుగో పేజీ అడుగున, టాన్సిల్స్ ఆపరేషన్ కింద, అలాగే ఉంటుంది.